చికిత్సా గృహంలో ఉంచమంటున్నారు: బిడ్డకు అది మందా, మరో గాయమా?

పిన్ని_నీడ
మా అక్క పోయిన తర్వాత ఆమె కొడుకు నా దగ్గరే పెరుగుతున్నాడు. వాడికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. కన్నతండ్రి చేతిలో ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న బిడ్డ. తలుపు కాస్త గట్టిగా పడితే మంచం కిందకు దూరతాడు, తలగడ గలీబులో బిస్కెట్టు ముక్కలు దాచుకుంటాడు, నిద్రలో కేకలు పెడతాడు, నేను దగ్గరికి తీసుకోబోతే కొరుకుతాడు. ఈ మధ్య నా చిన్న కూతురిని మెట్ల మీద నుంచి తోసేశాడు. అదృష్టవశాత్తూ పెద్ద దెబ్బ తగలలేదు. ఏడాదికి పైగా కౌన్సెలింగ్‌కు తీసుకెళ్తున్నాను. ఇప్పుడు కౌన్సెలర్, పిల్లల సైకియాట్రిస్టు ఇద్దరూ కొన్ని నెలలు నివాస చికిత్సా కేంద్రంలో ఉంచితే మంచిదంటున్నారు. తల్లిని పోగొట్టుకుని, తండ్రి చేతిలో గాయపడినవాడు ఇప్పుడు పిన్ని కూడా వదిలించుకుందని అనుకుంటే, ఇక ఈ లోకంలో ఎవరిని నమ్ముతాడు? ఇలాంటి చోట్లను దగ్గర నుంచి చూసినవారు ఉంటే దయచేసి చెప్పండి.

నిప్పురవ్వ
పంపకండి. పిల్లలను నాలుగు గోడల మధ్య పెట్టి బాగుచేస్తామన్న సంస్థల చరిత్ర చదివితే కంటి మీద కునుకు పట్టదు. ఐర్లండ్‌లో 2009లో వెలువడిన ర్యాన్ కమిషన్ నివేదికను, ఆస్ట్రేలియాలో 2013 నుంచి 2017 వరకు సాగిన రాయల్ కమిషన్ విచారణను చూడండి. ఆశ్రయమిస్తామన్న చోటనే పిల్లలు దెబ్బలకు, లైంగిక దాడులకు గురయ్యారని, నోరు తెరిచి చెప్పినవారి మాటను పెద్దలు నమ్మలేదని అవి తేల్చాయి. ఇప్పటికే గాయపడిన బిడ్డను అలాంటి చోటికి పంపడానికి నా మనసు ఒప్పదు.

అక్షరదీపం
నిప్పురవ్వ గారు చెప్పిన నివేదికలను ఎవరూ కాదనలేరు. దానికి తోడు, సంస్థల్లో పెరిగిన పసిపిల్లలు శుభ్రతకు, తిండికి లోటు లేకపోయినా ఎలా వాడిపోతారో మనోవైద్యుడు రెనె స్పిట్జ్ 1945లోనే రాశాడు. బ్రిటన్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం తయారుచేసిన నివేదిక కూడా తల్లిలాంటి ఒక మనిషి తోడు లేకపోతే బిడ్డ మనసు ఎదగదనే చెప్పింది. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో అనాథాశ్రమాల్లోని 136 మంది చిన్నపిల్లలను తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపి చూశారు. కుటుంబాలకు వెళ్లినవారు, ముఖ్యంగా రెండేళ్లు నిండకముందే వెళ్లినవారు, తెలివిలోనూ మనుషులతో బంధం ఏర్పరచుకోవడంలోనూ మెరుగ్గా ఎదిగారు.

అయితే ఇక్కడ రెండు వేర్వేరు విషయాలను కలిపేస్తున్నామని నాకనిపిస్తోంది. ఈ పరిశోధనలన్నీ బిడ్డ పెరిగే ఇల్లుగా సంస్థ మారినప్పుడు జరిగే నష్టం గురించినవి. కొంతకాలం ఉంచుకుని, ఒక లక్ష్యంతో చికిత్స చేసి, తిరిగి కుటుంబానికి అప్పగించే చోటు గురించినవి కావు. పిల్లల మనస్తత్వ నిపుణులు 2014లో అమెరికాలో వెలువరించిన ఒక ఉమ్మడి ప్రకటన కూడా ఇదే మాట చెప్పింది. సామూహిక గృహం నివాసంగా ఉండకూడదు. ఇంట్లో ఉంచి అందించలేని చికిత్స అవసరమైనప్పుడే దాన్ని వాడుకోవాలి, ఆ అవసరం తీరగానే బిడ్డను బయటికి తీసుకురావాలి. కాబట్టి పిన్ని గారు తేల్చుకోవలసింది ఆ అవసరం నిజంగా ఉందా లేదా అన్నది.

నిప్పురవ్వ
కాగితం మీద ఈ తేడా బాగానే ఉంటుంది అక్షరదీపం గారూ. మూడు నెలలని చెప్పి మూడేళ్లు ఉంచిన చోట్లు ఉన్నాయి.

మేడిచెట్టు
ఇప్పటిదాకా అందిన కౌన్సెలింగ్ ఎలాంటిదో పిన్ని గారు చెబితే బాగుంటుంది. ఆటలు, బొమ్మలు, కబుర్లతో సాగిందా, లేక ట్రామా, అంటే హింస వల్ల మనసుకు తగిలిన గాయం, దాని కోసమే రూపొందించిన పద్ధతిలో జరిగిందా? ఆ గదిలో మీరు కూడా కూర్చునేవారా?

పిన్ని_నీడ
వాడు బొమ్మలు గీసేవాడు, ఆమె పక్కన కూర్చుని మాట్లాడేది. నేను ఎప్పుడూ బయటి బల్ల మీదే కూర్చున్నాను. చివర్లో రెండు నిమిషాలు ఎలా ఉన్నాడో చెప్పేది. వాడు తన తండ్రి మాట ఎత్తినట్టు నాకు తెలియదు.

పిల్లల_నేస్తం
నేను ఈ వృత్తిలోనే ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. గాయపడిన పిల్లల విషయంలో బలమైన ఆధారాలున్న చికిత్సల్లో ముందు వరుసలో నిలిచేది ట్రామా మీద దృష్టి పెట్టే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలను, ప్రవర్తనను మెల్లగా మార్చుకోవడం నేర్పే చికిత్స. జుడిత్ కోహెన్, ఆంథొనీ మన్నారినో, ఎస్తర్ డెబ్లింగర్ దీన్ని రూపొందించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇలాంటి థెరపీని, దానితో పాటు ఇ.ఎం.డి.ఆర్.ను (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ బాధాకరమైన జ్ఞాపకాన్ని తలచుకునే చికిత్సను) పిల్లలకు కూడా సిఫారసు చేసింది. సాధారణంగా 12 నుంచి 16 సెషన్లు ఉంటాయి. ఎక్కువ కాలం హింస అనుభవించిన పిల్లలకు ఇంకొన్ని కావాలి. పెంచే పెద్దవారు బయటి బల్ల మీద కూర్చుంటే ఈ థెరపీ సాగదు. వారికి విడిగా సెషన్లు ఉంటాయి, తర్వాత బిడ్డతో కలిపి ఉంటాయి. అందువల్ల పిన్ని గారు ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఇంట్లో ఉంచే ఈ చికిత్స ఇప్పించవచ్చా, లేక పరిస్థితి దాన్ని దాటిపోయిందా?

రెండోదే కావచ్చునని నాకనిపించడానికి కారణం మెట్ల సంఘటన. ఇంట్లో మరో చిన్నపిల్ల భద్రత ప్రమాదంలో ఉన్నప్పుడు, బిడ్డ తనకు తాను హాని చేసుకుంటున్నప్పుడు, వారానికి ఒక గంట చికిత్స సరిపోదు. వాడి మెదడులో ప్రమాద ఘంటిక ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. ఆ స్థితిలో జరిగిపోయినదాన్ని తవ్వించడం కంటే ముందు, ఇక్కడ నన్నెవరూ కొట్టరు అన్న నమ్మకం శరీరానికి కలగాలి. నివాస కేంద్రం చేయగలిగిన మేలు అదే, చేయకపోతే అది దండగ. థెరపీ గదిలో గడిచేది రోజుకు గంట. మిగిలిన ఇరవైమూడు గంటలు భోజనాల బల్ల దగ్గర, స్నానాల గదిలో, పడక దగ్గర, ఆటస్థలంలో గడుస్తాయి. ఆ గంటల్లో ఎవరున్నారో, ఎలా ఉన్నారో చూసి నిర్ణయించుకోండి.

గోరింట
వాడిని ఆ సంగతులు మరిచిపోనివ్వరాదా? చెప్పించడం వల్ల గాయం రేగదా?

పిల్లల_నేస్తం
చాలామంది పెద్దలకు ఉండే అనుమానమే గోరింట గారూ. మరిచిపోయిన పిల్లవాడు తలుపు చప్పుడుకు మంచం కింద దూరడు. అయితే మీ భయంలో న్యాయముంది. చేరిన మొదటి వారంలోనే కూర్చోబెట్టి అంతా చెప్పు అని అడిగే చోటు మంచిది కాదు. ముందు భద్రత, తర్వాత తనను తాను శాంతపరచుకునే నేర్పు, ఆ తర్వాతే వాడికి వీలైనంత మేరకు, వాడి వేగంతో, కథ చెప్పుకోవడం. ఆ క్రమం తప్పితే నిజంగానే గాయం రేగుతుంది.

రాత్రి_డ్యూటీ
ఇలాంటి గృహంలో చాలా ఏళ్లుగా రాత్రి షిఫ్టు చేస్తున్నాను. డాక్టరును కాదు, కౌన్సెలర్‌ను కాదు, పిల్లలు పడుకున్నాక మేలుకుని ఉండే మనిషిని. ఇక్కడి చర్చలో రాత్రి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. ఈ పిల్లల్లో చాలామందికి చెడు జరిగింది రాత్రిపూటే.

మా వరండాలో కుర్చీ ఎక్కడ వేయాలన్నది పెద్ద విషయం. పిల్లవాడు కళ్లు తెరిస్తే నేను కనబడాలి, కానీ నా నీడ వాడి మంచం మీద పడకూడదు. తలుపు ఎంత తెరిచి ఉంచాలో ప్రతి పిల్లవాడినీ విడిగా అడిగి, వాడు చెప్పినంతే తెరుస్తాం. గదిలోకి వెళ్లవలసి వస్తే గడప దగ్గరే ఆగి, నేను ఫలానా, దుప్పటి కింద పడింది, తీసి కప్పుతాను అని మెల్లగా చెప్పి, వాడు తల ఊపాకే అడుగు వేస్తాం. పీడకలతో లేచినవాడిని కుదపం, పట్టుకోం. దూరంగా కూర్చుని వాడి పేరు పిలిచి, నువ్వు ఎక్కడున్నావో, ఇప్పుడు సమయం ఎంతయిందో, పక్క గదిలో ఎవరు పడుకున్నారో చెబుతాం. కొందరికి ఇది నెలల తరబడి ప్రతి రాత్రీ జరుగుతుంది.

పిన్ని గారు చెప్పిన బిస్కెట్టు ముక్కల విషయం మాకు కొత్త కాదు. మా దగ్గర చేరిన ఒక పాప పరుపు కింద తిండి దాచేది, చీమలు పట్టేవి. కొత్తగా వచ్చిన సిబ్బంది ఒకామె కోప్పడి పరుపు దులిపేసింది. ఆ రాత్రి ఆ పాప గోడకు తల బాదుకుంది. మరుసటి రోజు నుంచి ఆ పాప పేరు రాసి మూత ఉన్న డబ్బా ఒకటి మంచం పక్కన పెట్టాం. అందులో తిండి ఎప్పుడూ నిండుగా ఉంటుంది, ఎవరూ లెక్క అడగరు, ఎంత తిన్నావని అనరు. మొదట్లో రాత్రి ఎన్నోసార్లు లేచి మూత తీసి చూసుకునేది. తర్వాత చూడడం తగ్గింది. ఒకనాడు డబ్బాలో రంగు పెన్సిళ్లు పెట్టుకుంటానని తనే అడిగింది. దాన్ని చికిత్స అంటారో అనరో నాకు తెలియదు, మా కౌన్సెలర్ మాత్రం ఆ సంగతి ఫైలులో మొదటి పేజీలో రాసుకుంది.

షిఫ్టు మారేటప్పుడు అప్పగింతలు ఎలా జరుగుతాయో తప్పక అడగండి. మా రిజిస్టరులో అల్లరి చేశాడు అని రాయడం నిషిద్ధం. సాయంత్రం ఆరింటికి వంటగదిలో పళ్లెం కింద పడింది, ఆ చప్పుడుకు చెవులు మూసుకున్నాడు, పావుగంట తర్వాత స్నేహితుడిని కొట్టాడు అని రాయాలి. అలా రాస్తేనే తర్వాతి మనిషికి దారి కనబడుతుంది.

మేడిచెట్టు
రాత్రి_డ్యూటీ గారి పోస్టును మా పిల్లల గృహం సిబ్బంది అందరికీ చదివి వినిపిస్తాను.

పాత_గది
రాత్రి_డ్యూటీ గారి లాంటి మనుషులు ఉన్న చోట నేను పెరగలేదు. పన్నెండేళ్ల వయసులో నన్ను ఒక హోమ్‌లో చేర్చారు. ఆ చోటి పేరు రాయను. అక్కడ పాయింట్ల పద్ధతి ఉండేది. పక్క సర్దుకుంటే పాయింట్లు, ఎదురు మాట్లాడితే కోత. తగినన్ని పాయింట్లు లేకపోతే ఆ ఆదివారం మా అమ్మమ్మతో ఫోన్‌లో మాట్లాడనిచ్చేవారు కాదు. కోపమొస్తే ఖాళీ గదిలో పెట్టి బయట గడియ వేసేవారు. నన్ను ఇంట్లో గదిలో పెట్టి తాళం వేసిన మనిషి నుంచి కాపాడడానికే నన్ను అక్కడికి తెచ్చారన్న సంగతి వాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. పిన్ని గారూ, ఫోన్‌ను, ఇంటివాళ్ల రాకను బహుమతిగానో శిక్షగానో వాడే చోటైతే ఆ గడప దాటకుండా తిరిగి రండి.

నిప్పురవ్వ
నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే.

తూర్పు_కిటికీ
నాది వేరే అనుభవం, పాత_గది గారి బాధను తక్కువ చేయడానికి కాదు. నన్ను చేర్చినప్పుడు నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. మా గృహంలో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం, ప్రతి ఒక్కరికీ తనదంటూ ఒక పెద్దమనిషి ఉండేది. నా మనిషి మీద నేను ఉమ్మాను, ఆమె చున్నీ చింపాను, నువ్వు కూడా వెళ్లిపోతావు కదా అని అరిచాను. ఆమె ముఖం కడుక్కుని వచ్చి, నాకు ఐదింటికి డ్యూటీ అయిపోతుంది, రేపు పొద్దున ఏడింటికి మళ్లీ వస్తాను అని చెప్పింది. ఏడింటికి వచ్చింది. అలా రోజూ చెప్పి, చెప్పిన వేళకు వచ్చేది. సెలవు పెట్టే రోజు ముందే చెప్పేది. మనిషి వెళ్తే తిరిగి రావడం అనేది ఉంటుందని నేను నేర్చుకున్నది ఆమె దగ్గరే. ఇంట్లోనే ఉంచి ఉంటే నేను బతికి ఉండేదాన్ని కాదని నా నమ్మకం.

అక్షరదీపం
తూర్పు_కిటికీ గారు చెప్పిన ఏర్పాటుకు పాత మూలాలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో పిల్లల మనోవిశ్లేషకులు అన్నా ఫ్రాయిడ్, డొరొతి బర్లింగమ్ పిల్లల కోసం నర్సరీలు నడిపారు. మొదట అందరు పిల్లలనూ అందరూ చూసుకునేవారు. పిల్లలు కుదురుకోకపోవడం గమనించి, వారిని చిన్న చిన్న కుటుంబాలుగా విడదీసి ఒక్కో గుంపుకు ఒక్కో అమ్మను ఏర్పాటు చేశారు. పిల్లలు అసూయ పడ్డారు, ఏడ్చారు, కొంతకాలం గొడవ పెరిగింది, కానీ ఆ తర్వాత ఎదుగుదల స్పష్టంగా కనబడింది. బాంబుల కంటే తల్లి నుంచి విడిపోవడమే పిల్లలను ఎక్కువ కలచివేసిందని కూడా వారు రాశారు.

కాబట్టి పిన్ని గారు అడగవలసిన ముఖ్యమైన ప్రశ్నల్లో ఒకటి సిబ్బంది ఎన్నాళ్లు నిలుస్తున్నారన్నది. గోడల రంగు, ఆటస్థలం, థెరపీల జాబితా అన్నీ బాగుండి, పెంచే మనుషులు మూడు నెలలకొకసారి మారుతుంటే పిల్లవాడికి మిగిలేది మరో విడిపోవడమే.

మోడరేటర్
ఎవరూ సంస్థల పేర్లు, పిల్లల పేర్లు, ఊర్లు రాయవద్దు. ఇప్పటిదాకా పాటించినందుకు ధన్యవాదాలు.

గోరింట
మాకు తెలిసిన ఒకరు పిల్లవాడిని గట్టిగా వాటేసుకుని, వాడు ఎంత గింజుకున్నా వదలకుండా, కళ్లలోకి చూసేదాకా పట్టుకుని ఉంచే థెరపీ మంచిదన్నారు. నిజమేనా?

పిల్లల_నేస్తం
దయచేసి ఎవరూ ఆ దారికి పోవద్దు. ఆ పద్ధతి పేరుతో పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. పిల్లల మీద జరిగే హింసపై పనిచేసే అమెరికా నిపుణుల సంఘం 2006లో తన టాస్క్‌ఫోర్స్ నివేదికలో ఇలాంటి బలవంతపు పద్ధతులను వాడవద్దని తేల్చి చెప్పింది. బలవంతాన్నే అనుభవించిన శరీరానికి మళ్లీ బలవంతమే రుచి చూపించి దాన్ని ప్రేమ అని నమ్మించలేం.

పాత_గది
మరి మీ కేంద్రాల్లో పిల్లలను నేల మీద అదిమి పట్టుకోవడం లేదా? దానికి ఏం పేరు పెట్టారు?

రాత్రి_డ్యూటీ
ఉంది పాత_గది గారూ, దాచను. ఒక పిల్లవాడు గాజు పెంకుతో ఇంకొకరి మీదికి వెళ్తుంటే చేతులు కట్టుకుని నిలబడలేను. కానీ పట్టుకున్న ప్రతిసారీ రాయాలి, అదే రోజు ఇంటివాళ్లకు చెప్పాలి, పిల్లవాడు కుదుటపడ్డాక వాడితో కూర్చుని ఏం జరిగిందో వాడి నోటితో వినాలి, మరుసటి రోజు సిబ్బంది అందరం కలిసి దాన్ని ముందే ఎక్కడ ఆపగలిగేవాళ్లమో చూడాలి. గత సంవత్సరం ఎన్నిసార్లు పట్టుకున్నారని పిన్ని గారు అడగాలి. లెక్క చెప్పలేని చోటును నమ్మవద్దు. మా దగ్గర అసలు అలాంటిది జరగదని నవ్వుతూ చెప్పే చోటును కూడా నమ్మవద్దు.

పాత_గది
ఇలా సూటిగా చెప్పినందుకు మీ మీద గౌరవం కలిగింది. అయినా పట్టుకోవడం గురించి నా అభిప్రాయం మారలేదు.

మేడిచెట్టు
మందుల మాట కూడా ఎత్తాలి. పీడకలలకో, తీవ్రమైన ఆందోళనకో సైకియాట్రిస్టు మందు రాస్తే అది వేరు. వార్డు నిశ్శబ్దంగా ఉండడానికి పిల్లలందరికీ మత్తు కలిగించేవి ఇస్తుంటే అది వేరు. ఏ మందు, ఎందుకు, ఎప్పుడు ఆపుతారు అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి.

నిప్పురవ్వ
పంపకపోవడమే మేలని ఇప్పటికీ అంటాను. పంపక తప్పదనుకుంటే మాత్రం తేదీ వేయించుకోండి. బాలల హక్కుల ఒడంబడిక, 1989లో ఐక్యరాజ్య సమితి ఆమోదించినది, అందులో 39వ అధికరణం గాయపడిన పిల్లలకు కోలుకునే హక్కు ఇస్తే, 25వ అధికరణం చికిత్స కోసం వేరే చోట ఉంచిన బిడ్డ పరిస్థితిని ఎప్పటికప్పుడు సమీక్షించాలంటుంది. ఈ సమీక్ష ఎవరు, ఏ రోజున చేస్తారో చేర్చే రోజునే కాగితం మీద ఉండాలి.

అక్షరదీపం
దీనితో పూర్తిగా ఏకీభవిస్తాను. వెనక్కి వచ్చిన తర్వాతి సంగతి కూడా అదే కాగితంలో ఉండాలి. ఫ్రిట్జ్ రెడ్ల్, డేవిడ్ వైన్‌మన్ 1946లో డెట్రాయిట్‌లో పయొనీర్ హౌస్ అనే చిన్న గృహం నడిపారు. అతి దూకుడుగా ఉండే కొద్దిమంది పిల్లలతో రాత్రింబవళ్లు ఉండి, గొడవ జరిగిన చోటనే, జరిగిన వేళనే వాళ్లతో మాట్లాడే పద్ధతిని అక్కడ తీర్చిదిద్దారు. పిల్లలు మారడం మొదలుపెట్టారు, కానీ 1948లో నిధులు లేక ఆ ఇల్లు మూతపడింది. పిల్లలు చెల్లాచెదురయ్యారు, కూడగట్టుకున్నది నిలబెట్టే ఆసరా వాళ్లకు దొరకలేదు. అమెరికాలో 2018లో వచ్చిన చట్టం ఇలాంటి కేంద్రాలు బిడ్డ బయటికి వెళ్లాక కనీసం ఆరు నెలలు కుటుంబానికి తోడుండాలని షరతు పెట్టింది.

పిన్ని_నీడ
అందరి మాటలూ రెండుమూడుసార్లు చదివాను. వచ్చే వారం ఆ కేంద్రాన్ని చూడడానికి వెళ్తున్నాను, పగలు ఒకసారి, వాళ్లు ఒప్పుకుంటే పిల్లలు పడుకునే వేళ ఒకసారి. థెరపీలో నన్ను కూర్చోనివ్వకపోతే చేర్చను. ఇంకొక్క ప్రశ్న. వాడికి ఏమని చెప్పాలి?

తూర్పు_కిటికీ
నిజం చెప్పండి. విహారానికి వెళ్దామని, రెండు రోజుల్లో వచ్చేస్తావని అనవద్దు. నువ్వు చెడ్డవాడివని కాదు, నీకు జరిగినది చాలా పెద్దది, దాన్ని తగ్గించడం తెలిసినవాళ్లు అక్కడ ఉన్నారు, నీ గది నీదిగానే ఉంటుంది, నేను ఫలానా రోజున ఫలానా వేళకు వస్తాను అని చెప్పండి. ఆ వేళకు ఐదు నిమిషాలు ముందే వెళ్లండి. చేర్చే ముందు ఒకసారి వాడిని తీసుకెళ్లి, పడుకోబోయే మంచం, స్నానాల గది, రాత్రి కూర్చునే మనిషి ఎవరో చూపించండి. వాడు ఏడిస్తే ఏడవనివ్వండి. ఏడవకపోతే ఇంకా జాగ్రత్తగా ఉండండి.

రాత్రి_డ్యూటీ
వాడు వాడే దుప్పటి ఉతకకుండా పంపండి. ఇంటి వాసన కొత్త చోట చాలా పని చేస్తుంది.

పిల్లల_నేస్తం
ఎవరూ అడగలేదు కాబట్టి నేనే అడుగుతున్నాను పిన్ని గారూ. మెట్ల మీద నుంచి పడిన మీ పాప సంగతేమిటి? అన్న వెళ్లిపోవడం తన వల్లే జరిగిందని ఆ వయసు పిల్లలు సులువుగా అనుకుంటారు, వాడు లేడని ఊపిరి పీల్చుకున్నందుకు సిగ్గు కూడా పడతారు. వాడు చేరిన వారంలోనే తనను కూడా ఒకసారి కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లండి. వాడు సెలవులకు ఇంటికి వచ్చే మొదటి రోజు ఎక్కడ పడుకోవాలో, తలుపు వేసుకోవాలో వద్దో తననే అడగండి.

పిన్ని_నీడ
తను ఈ మధ్య మెట్లు దిగడం లేదు, ఎత్తుకోమంటోంది. గారాబం అనుకున్నాను. రేపే అపాయింట్‌మెంట్ అడుగుతాను.